తెల్లటి ఉమ్మి

వన్ టౌన్‌లో గురునాథరావు షావుకారి గోడౌను గేటు పక్కన ఒక నల్లరాయి ఉండేది. వేరుశనగ గింజలు ఏరే ఆడకూలీలు సాయంత్రం పని దిగాక దాని ముందు వరస కట్టాలి. మేస్త్రీ పోసిన నీళ్లు పుక్కిలించి ఆ రాతి మీద ఉమ్మాలి. నీళ్లు నీళ్లలాగే పడితే ఇంటికి పోవచ్చు. పాలలా తెల్లగా పడితే గింజలు నమిలినట్టే, ఆ రోజు కూలి గోవిందా. లావుపాటి గింజ ఏరి ఓడెక్కించే పని అది. ఏ దేశంలోనో ఎవరో తినబోయే గింజకు మనవాళ్ల పన్ను తగలకూడదని ఈ ఏర్పాటు. ఇంత తెలివి షావుకార్లకు కాక ఇంకెవరికొస్తుంది?

ఆ సాయంత్రం జమాలున్నీసా ఉమ్మి తెల్లగా పడింది. కడుపుతో ఉన్న మనిషి.

"తిన్నావేటే? తెరు నోరు!" కామరాజు మేస్త్రీ ఆమె దవడలు పట్టుకుని వేలుపెట్టి చూశాడు.

"ఆకలికి తాళనేకపోనాను బాబూ. నాలుగు గింజలే."

"రేపట్నించి రాకు."

వెనక నిలబడ్డ జోగమ్మకు ఏమీ అనిపించలేదు. పోర్టులో క్రేను గొలుసు తెగి మొగుడు పోయిన నాటి నుంచి ఆమెకు అంతా అలాగే ఉంది. ఎవరు ఏడ్చినా గోడ అవతల ఏడ్చినట్టే వినిపిస్తుంది. తన వంతు వచ్చింది. ఉమ్మింది. నీళ్లు నీళ్లలాగే పడ్డాయి. ఇంటికి పోయింది.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు ఇది. నూనె ధర మండిపోతోందని ఢిల్లీ సర్కారు వేరుశనగ ఎగుమతి ఆపేసింది. బయటికి పోయే గింజ ఆగితే ఊళ్లో నూనె చవకవుతుందని రేడియో చెప్పింది. రేడియో చెప్పినంత సులువుగా పనులు అయితే మన ఉక్కు ఫ్యాక్టరీ ఈపాటికి పొగ విడిచేది.

షావుకారు ఏరుడు పని ఆపేసి కూలీలందర్నీ పిలిచాడు. "మీ నోటికాడి కూడు లాగింది నేను కాదమ్మా, గవర్నమెంటు. ఓడ ఆగితే మీ పనీ ఆగినట్టే కదా! పదండి, కలెక్టరాఫీసుకు పోదాం."

జెండాలు ఆయనవే, పులిహోర పొట్లాలూ ఆయనవే. ఏరుడు ఆడవాళ్లు, బస్తాలు మోసే కలాసీలు కలిసి "ఎగుమతి ఆంక్షలు ఎత్తెయ్యాలి!" అని ఎండలో గొంతు చించుకున్నారు. జోగమ్మ కూడా అరిచింది. గొంతు ఆమెది, మాట షావుకారిది.

మరి నూనె తగ్గిందా? కొట్లలో నూనె డబ్బాలే మాయమయ్యాయి. ఎక్కడైనా దొరికితే ధర ఇంకా పెరిగింది. వానలు పడ్డాక షావుకారు కొందరు ఆడవాళ్లను సగం కూలికి మళ్లీ పిలిచాడు. వెనక గోడౌన్లో గింజకు బూజు పడుతోందట, చెడింది తీసెయ్యాలట. జోగమ్మ వెళ్లింది. చూరు దాకా పేర్చిన బస్తాలు చూసింది. ఇన్ని బస్తాలు ఇక్కడెందుకున్నాయని ఆమె ఎవర్నీ అడగలేదు.

ఒకనాడు గజపతినగరం వైపు పల్లె నుంచి ఆమె తమ్ముడు అర్జునరావు వచ్చాడు. చేతిలో సంచీ ఖాళీ. అతన్ని వెంటబెట్టుకుని జోగమ్మ జమాలున్నీసా పురుడు చూడటానికి వెళ్లింది.

"పంటేటి సేసినావురా?" అనడిగింది దారిలో.

"కళ్లంలోనే సగం ధరకి ఇచ్చేసినానప్పా. ఎగుమతి నేదు, నీ గింజెవడిక్కావాల అన్నాడు దళారీ. అప్పులోడు మెడ మీద కూకున్నాడు, ఏటి సెయ్యమంతావు?"

"ఎవుడి దళారీ?"

"మీ షావుకారి మనిసే."

ఈ మాట జమాలున్నీసా భర్త, కలాసీ కరీం బాషా వాకిట్లో మళ్లీ వచ్చింది. వినగానే అతను బీడీ పారేశాడు. "ఆ బస్తాలు దించింది మేమే అప్పా. లోపలికెల్లడమే గానీ ఒక్కటీ బయటికి రానేదు."

వాకిట్లో జనం చేరారు. గొడవ మొదలైంది.

"ఓడలు కదిల్తే మనకి పనుంటాది. మన కడుపు మనం సూసుకోవాల" అంది ఏరుడు కూలీ కాసులమ్మ.

"అప్పుడు పనున్నాది, నూనె అందనేదు. ఇప్పుడు రెండూ నేవు" అన్నాడు కరీం బాషా.

అర్జునరావు లేచి నిలబడ్డాడు. "ఎగుమతి నేదని సెప్పి నాకు సగమే ఇచ్చినాడు. సరుకు నేదని సెప్పి నూనెకి మీ కాడ రెట్టింపు లాగతన్నాడు. మీ సేత జెండా కూడా మోయించినాడు. ఆంక్స పెట్టినా ఆడికే లాబం, తీసినా ఆడికే. మజ్జిన మనమే సత్తన్నాం!"

లోపల పసిగుడ్డు ఏడుస్తోంది. జమాలున్నీసాకు పాలు పడలేదు. ఏడ్చి ఏడ్చి అలిసిపోయి ఆగుతున్నాడు, మళ్లీ మొదలుపెడుతున్నాడు. జోగమ్మ విన్నది. అప్పుడూ ఆమెకు ఏమీ అనిపించలేదు. కానీ లేచి ఇంటికి పోలేకపోయింది.

మరునాడు అందరూ సప్లై ఆఫీసుకు పోయారు. ఈసారి జెండాల్లేవు, పులిహోరా లేదు. గోడౌను తెరిపించేదాకా కదలమని గుమ్మంలో కూర్చున్నారు. ఆఫీసరు విసుక్కుని, రేపు మధ్యాహ్నం వచ్చి చూస్తానన్నాడు. ఆ కబురు వీళ్లు ఇల్లు చేరేలోపే షావుకారికి చేరింది.

మర్నాడు మధ్యాహ్నంలోగా పని ముగించి తాళం వెయ్యాలని షావుకారి లెక్క. కానీ పొద్దున్నే, వెనక గోడౌన్లో పని నడుస్తుండగానే గేటు దగ్గర జీపు ఆగిన చప్పుడైంది. కామరాజు అటు పరిగెత్తాడు. జోగమ్మ చేటలోంచి మంచి గింజలు పిడికెడు తీసి నోట్లో పోసుకుంది. ఇన్నేళ్లలో అదే మొదటిసారి. కాసులమ్మ బిత్తరపోయి చూసి, తనూ పోసుకుంది. వరసంతా దవడలు ఆడసాగాయి. జోగమ్మ ఇంకో పిడికెడు తీసి గుప్పిట్లో బిగించింది.

అంతలో కామరాజు రొప్పుతూ వచ్చాడు. "ఎల్లండెల్లండి! ఎనక సందులోంచి పోండి!" ఆ పూట ఉమ్మి పరీక్ష ఊసే లేదు.

గేటు బయట కరీం బాషా, అర్జునరావు, కలాసీలు పొద్దుటి నుంచే కాచుకుని ఉన్నారు. ముందు గోడౌను చూసిన ఆఫీసరు చేతులు దులుపుకుంటూ బయటికొచ్చాడు. "ఇది ఖాళీయే. వెనకది?"

"అది పాడుబడిందండీ. ఏమీ లేదందులో. తాళంచెవి మా తమ్ముడితో మద్రాసు పోయింది" అన్నాడు షావుకారు.

అప్పుడు సందు మలుపు తిరిగి ఆడవాళ్లు వచ్చారు. ఎవరూ పిలవకుండానే నల్లరాయి ముందు వరస కట్టారు.

"మేస్త్రీ బాబూ, నీలు పొయ్యి" అంది జోగమ్మ.

కామరాజు కదల్లేదు. ఆమే చెంబు తీసుకుంది. పుక్కిలించి ఉమ్మింది. తెల్లగా పడింది. కాసులమ్మదీ తెల్లగానే పడింది. ఆ వెనకామెదీ అంతే. రాయి తడిసి, తెల్లనీళ్లు కాలవలోకి జారాయి.

"ఏమిటమ్మా ఇదంతా?" అన్నాడు ఆఫీసరు.

"కాళీ గోడౌను బాబూ" అంది జోగమ్మ.

"దొంగముండల్లారా! నా గింజలన్నీ మేసేశారే!" షావుకారు గావుకేక పెట్టాడు.

సందంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. "ఏ గింజలు షావుకారూ?" అన్నాడు కరీం బాషా. ఆఫీసరు తాళంచెవి అడగలేదు, జీపెక్కి పోయాడు. ఆ తర్వాత షావుకారి కబురు మీద వచ్చింది పోలీసు వ్యాను.

"గలాటా కేసు. ఎక్కండి" అన్నాడు ఎస్సై.

"గలాటా ఏటి బాబూ, దొంగతనమని రాయండి" అంది జోగమ్మ. "ఏటి తిన్నామో, ఏ గోడౌన్ల తిన్నామో అది కూడా రాయండి."

ఎస్సై షావుకారి వంక చూశాడు. అలా రాయొద్దన్నట్టు షావుకారు చెయ్యి ఊపాడు.

"నానూ తిన్నాను, నా పేరూ రాసుకో!" అంటూ కాసులమ్మ ముందుకొచ్చింది. ఆ వెనక వరసంతా కదిలింది. కలాసీలు వ్యాను చక్రాల ముందు బైఠాయించారు. అర్జునరావు వాళ్ల పక్కనే కూర్చున్నాడు.

అప్పుడొచ్చింది జమాలున్నీసా, చంకలో బిడ్డతో. జోగమ్మ గుప్పిట విప్పి గింజలు ఆమె చేతిలో పోసింది. జమాలున్నీసా అందరి ముందూ నమిలింది. అలవాటు చొప్పున కామరాజు చూపు రాతి మీదికి పోయింది.

"నాను ఉమ్మను" అంది జమాలున్నీసా. "ఇవి నా గుంటడి పాలు."

మింగేసింది.

వ్యానెక్కిన జోగమ్మకు నాలుక మీద ఇంకా తియ్యగా ఉంది. ఆ రుచి తెలిశాక ఒళ్లంతా కోపం తెలిసింది. ఎన్నేళ్లదో ఆ కోపం. ఎస్సై హారన్ కొట్టించాడు. చక్రాల ముందు నుంచి ఎవరూ లేవలేదు.

"తాళం తియ్యండి!" అని ఎవరో సందు దద్దరిల్లేలా అరిచారు. జనం అందుకున్నారు. మొదట అరిచింది తనేనని జోగమ్మకు కాసేపటికి గాని తెలియలేదు.