దొర ఇంటి దూలం

వికారాబాద్‌కు మూడు మైళ్ల దూరంలో, ఎన్నడో ఒక ఇంగ్లీషు దొర తన దేశపు పద్ధతిలో కట్టించుకున్న సేద్యపు ఇల్లుంది. మూరెడు మందం రాతి గోడలు, బాగా వాలిన పెంకుల కప్పు, ఇంటి నడుమ చలి కాచుకునే పెద్ద పొయ్యి, దాని మీద పొగ బయటికి పోయేందుకు ఎత్తుగా కట్టిన రాతి పొగగూడు. 1978లో సర్కారు దాన్ని రక్షిత కట్టడంగా ప్రకటించి మరమ్మతులకు పూనుకుంది. పని గుత్తకు తీసుకున్నది నర్సప్ప. మేస్త్రీ యూసుఫ్.

యూసుఫ్ తొలిరోజే ఇల్లంతా తట్టి చూశాడు. నడుమ ఒక్క స్తంభం లేదు. కప్పు బరువు మోసే దూలం ఒక కొస గోడలో ఉంది, రెండో కొస పొగగూడు మీద ఆనింది.

"గా పొయ్యి రాళ్లు ముట్టొద్దు సేటూ. ఇల్లంతా దాని మీదనే నిలవడ్డది."

"మన ఎండలకు చలిపొయ్యి ఎందుకయ్యా? గవి తీస్తే బయటి గోడకు సరిపోతయి" అని నర్సప్ప నవ్వేశాడు.

మర్నాడు యూసుఫ్ బండల కోసం తాండూరు పోయాడు. మధ్యాహ్నం తిరిగొచ్చి లారీ దిగుతుండగానే లోపలి నుంచి కేక.

"భాయ్! దూలం దిగుతున్నది!"

బయటి గోడకని నర్సప్ప తీయించడంతో పొయ్యి కుడిపక్క రాళ్లు సగం లేవు. యూసుఫ్ దగ్గర పన్నెండేళ్లుగా తాపీపని చేస్తున్న యోహాను దూలం కింద ఒక వాసం నిలబెట్టి, అది జారకుండా భుజంతో అదిమి పట్టుకున్నాడు. పైనుంచి సున్నం సన్నగా రాలుతోంది. నర్సప్ప గుమ్మంలో కొయ్యబారిపోయాడు.

"ఇడిసిపెట్టి ఉరుకుదునా?" అన్నాడు యోహాను.

"ఇడిస్తే గడప దాటవు. జర ఓపిక పట్టు, నేనొస్తున్న."

కూలీలు లారీలోంచి బండలు చేతులు మార్చి అందించారు. యూసుఫ్ దూలం కిందే చేరి వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చసాగాడు. పెంకొకటి జారి యోహాను పాదం పక్కన పగిలింది. చివరికి బండలకూ దూలానికీ నడుమ రెండు వేళ్ల సందు మిగిలింది. యూసుఫ్ అందులో చెక్కముక్క పెట్టి సుత్తితో మెల్లగా కొట్టాడు. నాలుగో దెబ్బకు అది బిగిసింది.

"ఇగ భుజం తియ్యి."

బయటికొచ్చిన యోహాను నేల మీదే కూలబడ్డాడు.

"రేపు ఆఫీసరొస్తడు. గచ్చు పూసి కప్పెయ్యి" అన్నాడు నర్సప్ప గుసగుసగా.

"పుయ్య. ఆయన సూడాలె."

ఆఫీసరు చూశాడు. నర్సప్ప గుత్త పోయింది. బయటి గోడలో కలిసిన రాళ్లన్నీ వెతికి, యూసుఫ్ పొయ్యిని మళ్లీ కట్టాడు. అందుకు తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ యోహాను బయటి గోడ పనే చేశాడు, మళ్లీ ఆ దూలం కిందికి రాలేదు. అతని భయం తెలిసిన యూసుఫ్ రమ్మని పిలవనూ లేదు.