రాసినవారు: శారోన్

తెలియని నెంబరంటే ఎవరికి తెలియనిది, నాకా, మస్కట్‌లో ఉన్న మా ఆయనకా, నాకు తెలిసినవాళ్ళు ఆయనకి తెలియకపోతే వాళ్ళు తెలియనివాళ్ళయిపోతారా, పదీ నలభై అయింది, పదకొండింటికి డాక్టరు పద్మశ్రీగారు ఫోన్ చేస్తానన్నారు, అమలాపురంలో ఆవిడ ల్యాబులో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం, ఆ చదువే చదివి ఆరేళ్ళుగా ఈ మామిడికుదురులో పప్పుకి పోపు పెడుతున్నాను, ఎవరికీ చెప్పకుండా దరఖాస్తు ఇచ్చి నెలన్నర ఎదురుచూశాను, నిన్న అత్తగారిని షుగరు పరీక్షకి అక్కడికే తీసుకువెళితే, డాక్టరుగారు, ఏమ్మా శారోన్, పోయిన నెల నీ నెంబరుకి చేస్తే మీ బావగారు ఎత్తేరు, ఆయ్ పంపిస్తామండి అన్నారు, రెండు వారాలు చూసేను, రేపు మళ్ళీ చేస్తాను, ఈసారి నువ్వు ఎత్తకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తానమ్మా అన్నారు, నా ఒళ్ళు మండిపోయింది, అత్తగారు మాత్రం దూదిముక్క మోచేతికి నొక్కుకుని, తొందరగా పద, మనూరి బస్సు వెళ్ళిపోతుంది అంటున్నారు.

శ్యామ్ బాబు బావగారు చెడ్డవారని కాదు, ఆయన ఎవరికీ కాదనలేరు, కరెంటు బిల్లు అబ్బాయికీ ఆయ్, పాస్టరుగారికీ ఆయ్, పెళ్ళికి రమ్మన్నవాళ్ళందరికీ ఆయ్, ఒక్క పెళ్ళికీ వెళ్ళరు, ఆ మర్యాద కింద నా ఉద్యోగం నలిగింది, ఏంటి బావగారూ ఇలా చేసేరు అంటే, తమ్ముడితో ఓ మాట అనుకుని చెబ్దామనుకున్నానమ్మా, మర్చిపోయేను అన్నారు, మర్చిపోవడానికి అదేమన్నా గొడుగా బావగారూ అనేశాను.

ఈ ఫోనులో నియమాలు పెట్టిన రోజు గుర్తుంది, మా ఆయన క్రాంతి సెలవు మీద వచ్చి ఈ యాప్ వేశారు, మామూలు తెలుగులో వాక్యం రాస్తే చాలు, ఫోను మనం చెప్పినట్టు వింటుంది చూడు అని మురిసిపోయారు, ఆయన చెప్పారు, నేను టైపు చేశాను, ఫోన్ వచ్చినప్పుడు, ఆ నెంబరు లిస్టులో లేకపోతే, శ్యామ్ బాబుకి మళ్ళించు, నీ మంచికే శారోన్, తెలియని నెంబర్లతో మోసగాళ్ళు ఎక్కువైపోయేరు, సరేనా అన్నారు, ఆయ్ అన్నాను, మా ఇంట్లో ఆ మాట బావగారి ఒక్కరి జబ్బు కాదు, లిస్టులో పదకొండు నెంబర్లు, అన్నీ ఆయన వైపువాళ్ళవి, నాతో చదువుకున్న వీరలక్ష్మి కూడా లేదు, రెండేళ్ళుగా అది పలకరించలేదని దాన్నే తిట్టుకున్నాను, పిచ్చిదాన్ని.

పదీ యాభై, డాక్టరుగారి నెంబరొక్కటి లిస్టులో చేర్చుకుంటే పోలా, ఎవరికీ తెలియదు, గొడవుండదు అంటోంది లోపలి పిరికితనం, అవును, ఇవాళ డాక్టరు, రేపు వీరలక్ష్మి, ఎల్లుండి ఇంకెవరో, బతుకంతా ఒక్కొక్కరికీ గేటు తీయించుకుంటూ కూర్చోనా, గేటే వద్దు, నియమం మొత్తం తీసెయ్ అని నొక్కాను, ఈ మార్పు క్రాంతికుమార్‌కి తెలియజేయబడుతుంది, కొనసాగాలా అని అడిగింది, వేలు ఆగింది, ఫోన్ చేస్తారు, ఏంటి శారోన్, ఒక్క మాటైనా అడక్కుండా తీసేసేవేంటి అంటారు, అననీ, నన్ను అడిగి పెట్టారా, ఆ ఫోను మాత్రం నేనే ఎత్తుతాను, ఆయ్ అనను, ఉద్యోగంలో చేరుతున్నానండి అంటాను.

ఆ ప్రశ్న కింద చిన్న అక్షరాలు, ఇన్నాళ్ళూ చూడనేలేదు, రాసినవారు: శారోన్, చదవగానే చెంప మీద కొట్టినట్టయింది, నా కాళ్ళకి నేనే కట్టుకున్న తాడన్నమాట, ఇంకా కిందికి జరిపితే మరో వరుస, రాసినవారు మాత్రమే మార్చగలరు, మళ్ళీ చదివాను, మస్కట్ నుంచి ఆయన, పక్కింట్లోంచి బావగారు, ఇద్దరూ కలిసినా ఇందులో ఒక్క అక్షరం కదపలేరు, వాళ్ళకి ఆ అధికారం ఎప్పుడూ లేదు, ఉన్నదల్లా నా ఆయ్, అదొక్కటి నేను ఇవ్వకపోతే ఈ నియమం పుట్టేదే కాదు, కొనసాగాలి అని నొక్కాను, పదకొండుకి మూడు నిమిషాలుంది, ఫోను నా చేతిలో ఉంది.