అద్దె టైర్లు

ఆఖరి బోల్టు బిగించాక, ఈశ్వరప్ప పానా మీద కాలు వేసి ఒంటి బరువంతా పెట్టి తొక్కాడు. అరవై దాటిన మోకాలు కిర్రుమంది. బోల్టు కదల్లేదు. మోకాలిదేముందిలే, బోల్టు గట్టిగా ఉంటే చాలనుకున్నాడు.

వ్యాన్ పాతది. దానితోపాటు పుట్టిన పిల్లలు ఈపాటికి కాలేజీకి పోతుంటారు. దాని బ్రేకులు విప్పి, అరిగినవన్నీ తీసి పారేసి, ప్రతి గొట్టాన్నీ చేత్తో తడిమి చూసి మరీ బిగించాడు. బ్రేకు పనిలో ఈశ్వరప్పకు వంక పెట్టినవాడు ఈ తమిళనాటి ధర్మపురిలో లేడు. టైర్ల సంగతి మాత్రం వేరు.

అతను పనిచేసే షెడ్డులో నాలుగు టైర్లున్నాయి. గీతలు అరగనివి, నల్లగా నిగనిగలాడేవి. వాటి కొలతకు సరిపడే ఏ పాత బండైనా ఎఫ్.సి.కి, అంటే సర్కారు తనిఖీకి, పోయే పొద్దున వాటిని అద్దెకు తగిలించుకొని పోతుంది. పాసై వచ్చాక విప్పి ఇచ్చేసి, తన బోడి టైర్లు తాను వేసుకొని వెళ్లిపోతుంది. పెళ్లిచూపులకు పొరుగింటి నగలు పెట్టుకొని కూర్చోవడం లాంటిదే. ఆయుధపూజ నాడు యజమాని సదాశివం మొదటి బొట్టు వాటికే పెడతాడు. లక్ష్మి మరి! తగిలించేవాడూ, విప్పేవాడూ ఈశ్వరప్పే. చెప్పిన పని చేయడం మన వంతు, తప్పొప్పులు పెద్దవాళ్లు చూసుకుంటారని ఇన్నేళ్లూ సరిపెట్టుకున్నాడు.

తనిఖీ మైదానంలో అధికారి బ్రేకు తొక్కించాడు, దీపాలు వేయించాడు, టైర్లు వేలితో నొక్కి తల ఊపాడు. ఆయన్నేమనగలం, కళ్ల ముందున్నవి బంగారంలాంటి టైర్లాయె. మధ్యాహ్నానికి వ్యాన్ పాసై షెడ్డుకు తిరిగొచ్చింది. సదాశివం భోజనానికి పోతూ, రేపు కంబైనల్లూరు నుంచి ఒక కారు వస్తుందనీ, టైర్లు విప్పి ఉంచమనీ చెప్పాడు.

ఆయన అటు పోగానే వినోదిని వచ్చింది. ఎ. పళ్లిపట్టి ఊరి మనిషి, కట్టడం పనులకు కూలీలను తీసుకుపోయే మేస్త్రీ. వ్యాన్ కొన్నది ఆమే. అమ్మినవాడు ఎఫ్.సి. చేయించి ఇస్తానని మాటిచ్చి, బండిని ఈ షెడ్డులోనే తీసుకొమ్మన్నాడట. ఈశ్వరప్పదీ తనలాగే తెలుగిల్లని మాటల్లో తెలిసేసరికి ఆమె ముఖం విప్పారింది. చీరకొంగుతో టైర్ల మీది మట్టి తుడిచి, వెంట తెచ్చుకున్న కుంకుమతో నాలుగింటికీ వంగి వంగి బొట్లు పెట్టింది. టైర్లు కూడా బండితో వచ్చినవేనని ఆమె నమ్ముతోంది. ఈశ్వరప్ప, టైర్లు విప్పడానికి తీసిన పానాను పక్కన పెట్టాడు.

రేపటినుంచి ఇందులో ఎవరెవరు ఎక్కుతారని అడిగాడు.

"మా అత్త, చెల్లెలు సుగన్య, ఇంకా అయిదారు మంది ఆడోళ్లు మామా. తొప్పూరు ఘాటు దిగి సేలం పోవాల. వానల కాలం గదా, బయపడినాను. ఇప్పుడు సర్కారోళ్లే చూసి బాగుందని రాసిచ్చినారు. ఇంకేం బయం?"

ఈశ్వరప్ప మూలకు చూశాడు. వ్యాన్ అసలు టైర్లు అక్కడ ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఒకదానిలోంచి తీగలు బయటికొచ్చాయి. తడిసిన ఘాటు రోడ్డు మీద, ఆ బోడి రబ్బరుతో, తాను ఎంత బాగా బిగించిన బ్రేకైనా బండిని ఆపలేదు. ఆ సంగతి సర్కారుకు తెలియదు, ఈ పిల్లకూ తెలియదు. తెలిసినవాడు తానొక్కడే. ముందు భయం వేసింది. ఆ వెనకే, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ లేనంత మొండితనం వచ్చింది.

"బండి తీసుకుపోదునా మామా?"

"పోమ్మా. ఘాటు మాత్రం రెండో గేరులో దిగు. తొక్కితే నిలబడతాది, పూచీ నాది."

వాలు నేల మీద బండి జారకుండా చక్రానికి ఆనించిన రాయిని పక్కకు లాగి, గోడ వారగా పడేశాడు. వ్యాన్ మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాడు.

సదాశివం ఆవలిస్తూ వచ్చి, మూలనున్న బోడి టైర్లను చూసి ఆగిపోయాడు.

"మార్చలేదా అన్నా?"

"లేదు. మన నాలుగూ ఆ పిల్ల బండితో పోయినాయి. నేనే పంపినాను."

సదాశివం అరవలేదు. అరిచినా బాగుండేది. రేపటి కారును ఏ కాళ్ల మీద నిలబెట్టాలనీ, ఇన్నేళ్లు తిన్న ఉప్పు గుర్తుకు రాలేదా అనీ నెమ్మదిగానే అడిగాడు. ఈశ్వరప్ప తన పానాల పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. అందులోనివన్నీ ఒక్కొక్కటిగా సొంతానికి కొనుక్కున్నవి.

"టైర్లకు బదులు ఇది పెట్టుకో సదాశివం. ఇంకొకరి బండికి తగిలించి విప్పేది మాత్రం ఇంక నా చేత కాదు."

"అయితే నువ్వూ పో అన్నా."

ఈశ్వరప్ప కిరోసిన్‌తో చేతులు కడుక్కున్నాడు. వట్టి చేతులతో ఇంటికి పోవడం కొత్తగా ఉంది. భార్య సరసమ్మకు ఏం చెప్పాలా అని ఒక్క క్షణం ఆలోచించి, ఉన్నది ఉన్నట్టే చెబుదామనుకున్నాడు. ఆ తర్వాత అడుగు తడబడలేదు, వెనక్కి చూడలేదు.

పొద్దు వాలాక సదాశివం షెడ్డుకు తాళం వేసి పోయాడు. గోడ వారగా ఆ రాయి అలాగే పడి ఉంది, చక్రం ఒరుసుకున్న చోట కాస్త కుంకుమ అంటుకొని.