నాలుగు దేశాల బస్సులో బుల్లయ్య

బుల్లయ్యను చంపడానికి జర్మనీ దాకా వెళ్ళాల్సిన పనిలేదు. ప్రత్తిపాడులో అతని పురుగుమందుల షాపు మా పొలానికి మూడు కిలోమీటర్లు. కానీ అక్కడ అతని చుట్టూ ఎప్పుడూ పదిమంది ఉంటారు. అదే పరాయి దేశంలో అయితే, కొండ మీద నుంచో గట్టు మీద నుంచో మనిషి పడిపోతే పాపం కాలు జారిందనుకుంటారు. అందుకే 2001 జూన్‌లో ఆ బస్సెక్కాను.

అప్పట్లో మందుల కంపెనీవాళ్ళు టార్గెట్ దాటిన డీలర్లను యూరప్ టూరుకు తీసుకెళ్ళేవాళ్ళు. ఆ ఏడు ఇరవైమంది డీలర్లు, వాళ్ళతో పాటు ముగ్గురు ఆదర్శ రైతులు. ఆ ముగ్గురిలో నేనొకణ్ణి. వీరబాబు ఎకరానికి ముప్పై క్వింటాళ్ళ మిర్చి పండించాడని నా పేరు రాసి పంపింది ఎవరనుకున్నారు? బుల్లయ్యే. నా తమ్ముణ్ణి పొట్టన పెట్టుకుని నాకు విమానం టిక్కెట్టు ఇప్పించాడు! ఒళ్ళు మండి కంపెనీ నుంచి వచ్చిన ఉత్తరం చింపబోయాను. తమ్ముడి భార్య సుబ్బరావమ్మ ఆపింది.

"చింపమాకండి బావగారూ. వెళ్ళండి. వాడు మాత్రం తిరిగి రాకూడదు" అంది.

సరేనని మాటిచ్చాను.

మా తమ్ముడు కోటేష్ పోయింది 1999 అక్టోబరులో. పత్తికి పచ్చపురుగు పట్టింది. బుల్లయ్య రెండు మందులు ఒకే డబ్బాలో కలిపిచ్చాడు. మిట్టమధ్యాహ్నం, చొక్కా లేకుండా, వీపు మీద పంపు కారుతుంటే కారనిస్తూ ఎకరన్నర కొట్టాడు కోటేష్. సాలు మధ్యలో బోర్లా పడ్డాడు. నోటి వెంట నురగ, ఒళ్ళంతా వణుకు. గుంటూరు చేరకముందే ఆటోలో నా ఒళ్ళోనే పోయాడు. తర్వాత సుబ్బరావమ్మ షాపు ముందుకెళ్ళి దుమ్మెత్తి పోసింది. ఒకసారి చెప్పు విసిరితే బుల్లయ్య చెంపకు తగిలింది. అతను నోరు మెదపలేదు. తప్పు చేసినవాడు ఏం మాట్లాడతాడని ఊరంతా అనుకుంది. నేనూ అదే అన్నాను.

టూరులో నాలుగు దేశాలు చూపించే రోజు పొద్దున జర్మనీలోని లిండావ్ అనే ఊళ్ళో మొదలైంది మా ప్రయాణం. చుట్టూ సరస్సు, ఒడ్డున రాతి సింహం, కిటికీ కిటికీకీ పూలకుండీలు. గైడు మార్తా అని అరవై ఏళ్ళ మనిషి. పసుప్పచ్చ గొడుగు ఎత్తిపట్టుకుని ముందు నడిచేది. ఆమె చెప్పేది కంపెనీ ఆఫీసరు సాయికౌశిక్ మాకు తెలుగులో చెప్పేవాడు. ఒక్కరోజులో నాలుగు దేశాలట, సాయంత్రం ఆరుకల్లా మళ్ళీ జర్మనీలో ఉంటామట. మాకు ప్రత్తిపాడు నుంచి చీరాల వెళ్ళి రావడానికే పూట పడుతుంది.

బుల్లయ్య ఫొటో కోసం రేవు గట్టు అంచున నిలబడ్డాడు. వెనక లోతు నీళ్ళు. "వీరబాబూ, కాస్త ఈ కెమెరా పట్టుకోవయ్యా" అన్నాడు. పట్టుకున్నాను. ఒక్క తోపు చాలు. రెండడుగులు వేశాను కూడా. అంతలో మార్తా గొడుగు ఆడిస్తూ వచ్చి తలలు లెక్కపెట్టింది. సాయికౌశిక్‌తో కలిపి ఇరవై నాలుగు. పక్కనే నిలబడి మరీ లెక్కపెట్టింది మహాతల్లి.

అక్కణ్ణుంచి ఆస్ట్రియా. బ్రెగెంజ్‌లో తీగల మీద నడిచే పెట్టెలో కొండెక్కించారు. పైనుంచి చూస్తే సరస్సు చుట్టూ మూడు దేశాలు ఒకే పొలంలో మళ్ళలాగా కనిపించాయి. మిగతావాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టి చూస్తుంటే నేను అంచున ఉన్న ఇనుప కమ్మీల ఎత్తు చూస్తున్నాను. నడుము దాకా ఉంది. బుల్లయ్య లావుపాటి మనిషి, ఎత్తి పడెయ్యడం కష్టం. అతనే నా దగ్గరికొచ్చి చేగోడీల పొట్లం చాపాడు. "పొద్దుటి నుంచి ఏం తినలేదు నువ్వు" అన్నాడు. చేత్తో కొడితే చేగోడీలన్నీ కొండ కిందికి పోయాయి. అతను చెయ్యి దులుపుకుని వెళ్ళిపోయాడు. ఆ ఓర్పు చూస్తే నాకు ఇంకా కసి పెరిగింది.

మధ్యాహ్నానికి మూడో దేశం లీచ్టెన్‌స్టెయిన్ చేరాం. మన జిల్లాలో నాలుగు మండలాలంత కూడా ఉండదేమో. వడూజ్ ఊరు, కొండ మీద రాజుగారి కోట, కింద ద్రాక్షతోటలు. మార్తా గంటసేపు వదిలింది. అందరూ కాఫీ తాగడానికి పోతే బుల్లయ్య ఒక్కడే తోటల వెంట నడిచాడు. నేను వెనకాలే వెళ్ళాను. మలుపు తిరిగాక రోడ్డు కనపడదు. దూరంగా ఒకతను తోటకు మందు కొడుతున్నాడు. తల నుంచి కాళ్ళ దాకా తెల్ల తొడుగు, ముఖానికి ముసుగు, చేతులకు రబ్బరు గ్లవుజులు.

బుల్లయ్య నన్ను చూసి అన్నాడు: "చూశావా ఎంత జాగ్రత్తో! మనోళ్ళయితే చొక్కా కూడా ఉంచుకోరు."

చొక్కా అనేసరికి నాకు కోటేష్ వీపు కనపడింది. పక్కనే తీగకు కట్టని ఊతకర్ర ఒకటి పడుంది. తీసుకుని నెత్తి మీద కొట్టాను. రెండో దెబ్బ భుజం మీద పడింది, ఎముక చప్పుడు నాకు వినపడింది. రాతిగోడకేసి తోశాను. కింద పడితే ఛాతీ మీద కూర్చుని ముఖం మీద గుద్దాను. పళ్ళు నా వేళ్ళకే గీరుకున్నాయి. పై పెదవి చీలి రక్తం గడ్డం దాకా కారింది. అతను ఒక్కసారి కూడా చెయ్యెత్తలేదు. నేను మాత్రం తమ్ముడి పేరు అరుస్తూనే ఉన్నాను. గొంతు పట్టుకున్నాను. అతని కళ్ళు తేలేస్తుంటే, నిజం చెప్తున్నాను, నాకు హాయిగా ఉంది.

ఊపిరాడక గింజుకుంటూ ఏదో అన్నాడు. బతిమాలతాడేమో, ఆ ముక్క కూడా విందామని చెయ్యి వదులు చేశాను.

"చంపు, కాదన్ను. కానీ ఆ రోజు మూత తీసి వాసన చూసిందెవరు వీరబాబూ?"

నా చేతులు ఆగిపోయాయి.

ఇది మీకు ముందే చెప్పాల్సింది. చెప్పడానికి నోరు రాలేదు. మా వైపు మందును వాసన చూసి కొంటాం. మూత తీయగానే ముక్కు మండితే పనిచేసే మందు, లేకపోతే ఉత్త నీళ్ళు. మా నాన్న అలాగే కొన్నాడు, నేనూ అంతే. ఆ రోజు షాపుకెళ్ళింది కోటేష్ కాదు, నేను. సీసా వాసన చూసి, "ఘాటే లేదు, దీనికి పురుగు చస్తుందా?" అన్నాను. "ఇది వాసన రాని మందయ్యా, పనిచేస్తుంది" అన్నాడు బుల్లయ్య. ఘాటైనది ఇంకోటి కలిపివ్వమన్నాను. కలిపితే కొట్టే మనిషికి ప్రమాదమన్నాడు. నువ్వు ఇవ్వకపోతే ఎదురు షాపులో తీసుకుంటానన్నాను. కలిపిచ్చాడు. డబ్బా తెచ్చి కోటేష్ చేతిలో పెట్టి, ఈ పూటే కొట్టెయ్యరా అన్నదీ నేనే.

"మరి మా మరదలు చెప్పు విసిరినప్పుడు ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"ఇచ్చింది నేను కాదా? బేరం పోద్దని ఇచ్చా. ఆ చెప్పుదెబ్బ నాకు తగిందే." రక్తం ఉమ్మి మళ్ళీ అన్నాడు, "కాకపోతే అందులో సగం నీది."

నా అరుపులు వినపడ్డాయేమో, పరుగున వచ్చింది మార్తా. వెనకాల సాయికౌశిక్. కర్ర ఇంకా నా చేతి పక్కనే ఉంది. ఆమె నన్ను చూసి అరిచింది. పోలీసుల్ని పిలుస్తానంటోందని సాయికౌశిక్ చెప్పాడు.

"గోడెక్కబోయి జారిపడ్డానని చెప్పవయ్యా. ఇతను నన్ను లేపుతున్నాడు" అన్నాడు బుల్లయ్య.

ఆమె నమ్మలేదు. ఆసుపత్రిలో కుట్లు వేసి భుజానికి పట్టీ కట్టేదాకా పక్కనే నిలబడి అడుగుతూనే ఉంది. బుల్లయ్య మాట మార్చలేదు. నాలుగో దేశం స్విట్జర్లాండ్‌లో ఏవో చెక్క ఇళ్ళ వీధి చూపించారట. నేను బస్సు దిగలేదు. తిరిగొస్తుంటే మార్తా మళ్ళీ తలలు లెక్కపెట్టింది. నా దగ్గరికి వచ్చేసరికి ముఖం తిప్పుకుంది.

ఊరికొచ్చిన మర్నాడు పొద్దున్నే పొలం వెళ్ళాను. సుబ్బరావమ్మ మరో ముగ్గురు ఆడవాళ్ళతో పత్తిగింజలు పెడుతోంది.

"వాడు తిరిగొచ్చాడంటగా?" అంది.

"వచ్చాడమ్మా. చంపలేకపోయాను" అని, జరిగిందంతా చెప్పాను. వాసన చూడటం, ఘాటు లేదనడం, ఎదురు షాపుకెళ్తాననడం, ఏదీ దాచలేదు.

మా ఇళ్ళల్లో మరదలు బావగారి ముందు గొంతు కూడా పెంచదు. ఆమె సాలు దాటి వచ్చి నా చెంప పగలగొట్టింది. తర్వాత గుప్పిళ్ళతో, తర్వాత విత్తనాల బుట్టతో, అదీ విరిగాక మట్టిగడ్డలతో. నా కనుబొమ చిట్లి కంట్లోకి రక్తం దిగింది. ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చి ఆమె చేతులు పట్టుకున్నారు.

"పట్టుకోమాకండి. వదలండి" అన్నాను.

వదిలారు. ఆమె రొప్పుతూ ఒక్కటే అడిగింది.

"ఆ డబ్బాలో రెండు మందులు కలిపున్నాయని మా ఆయనకి చెప్పారా?"

"చెప్పలేదమ్మా" అన్నాను.

ఆమె వంగి ఇంకో గడ్డ తీసుకుంది. నేను కదల్లేదు.