అందరూ నవ్వే కథ

సింకు జాలీలో ఇరుక్కుని కుళ్ళిన మెతుకుల ముద్దను వేళ్ళతో లాగుతున్నాను. "ఆ పుస్తకం ఇంకా అవలేదా? ఎప్పుడు చూసినా మొహం వేలాడేసుకుని ఉంటావు. కాస్త నవ్వొచ్చేవి చదువుకోవచ్చుగా" అంటూ వచ్చాడు మా ఆయన. తాగిన టీ గ్లాసును నేను అప్పుడే కడిగి బోర్లించిన గిన్నెల మీద పెట్టి వెళ్ళాడు.

అవలేదు. రోజుకు రెండు పేజీలు చదవడమే గగనంగా ఉంది. ఆ నవలలో పిల్లకు ఎనిమిదేళ్ళు, నా కూతురంత. ఇంటికి వచ్చే ఓ పెద్దమనిషి, అతని చేతుల చెమట, సిగరెట్టు కంపు, అతను వెళ్ళాక తోలు ఊడేలా ఆ పిల్ల రుద్దుకునే మెడ. పుస్తకం మూసేస్తాను. లేచి వెళ్ళి మొహం కడుక్కుంటాను. ఆగలేక చివరి పేజీలు ముందే చూసేశాను. పిల్ల పెద్దదై, ఎక్కడో అద్దె గదిలో, గడియ పెట్టకుండా నిద్రపోతుంది. అంతే. ఇంత నరకానికి దక్కేది ఇదా అని ఒళ్ళు మండింది. ఆ తర్వాత గుర్తొచ్చింది, ఈ వయసులో కూడా నేను స్నానాల గది గడియను రెండుసార్లు లాగి చూసుకుంటాను.

మా బాబాయికి, అంటే పాప చిన్నతాతకి, కంటి ఆపరేషన్. అమ్మా, మా ఆయనా ఫోన్లోనే అన్నీ ఖాయం చేసుకున్నారు. నెల్లాళ్ళు మా ఇంట్లో, పాప గదిలో. "మీరిద్దరూ ఆఫీసుల నుంచి వచ్చేదాకా పిల్లకి తోడుంటాడు, మంచిదేగా" అంది అమ్మ. దుప్పట్లు ఉతకడం, కళ్ళల్లో చుక్కలు వేయడం నా వంతు. నన్ను అడగాలని ఎవరికీ తోచలేదు.

చేతులు కడుక్కుంటుంటే అమ్మ ఫోను. మా ఆయన స్పీకర్లో పెట్టాడు. మా అమ్మ పాపకు మళ్ళీ ఆ కథే మొదలుపెట్టింది.

"మీ అమ్మకి ఎంత సిగ్గనుకున్నావే? చిన్నతాత గుమ్మంలో చెప్పులు విప్పిన చప్పుడైతే చాలు, మంచం కిందికి దూరేది. కాళ్ళు పట్టుకుని లాగితేగానీ వచ్చేది కాదు."

నా పెళ్ళిచూపుల్లో కూడా చెప్పిన కథ. "పిల్లిపిల్లన్నమాట" అని మా ఆయన ఇప్పుడూ నవ్వాడు. అలవాటుకొద్దీ నేనూ నవ్వబోయాను. ఆ నవ్వు నోట్లో పాచిలా తగిలింది.

పాప నవ్వలేదు. "కాళ్ళు పట్టుకుని లాగేదెవరు?" అంది.

"చిన్నతాతే" అన్నాను.

పాపను లోపలికి పంపి, స్పీకరు ఆపి, ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాను. "అమ్మా, అది సిగ్గు కాదు. భయం. నీకు తెలియదా?"

అవతల తలుపు దగ్గరికి వేసిన చప్పుడైంది.

"తెలియకేమే" అంది అమ్మ, గొంతు బాగా తగ్గించి. "నువ్వు దూరడానికి చోటుండాలనే కదా మంచం కింద పెట్టెలన్నీ తీసేసి అటక మీద పడేశాను. కాపురం చేసుకునేదాన్ని, అంతకన్నా ఏం చేయను? ఇప్పుడవన్నీ దేనికి? ముసలాడైపోయాడు."

తెలిసే నవ్వించింది. తెలిసే నా కూతురికి తోడు పంపిస్తోంది. అమ్మ గొంతు ఆనుకున్న చెవి కూడా కడుక్కోవాలనిపించింది. ఎదురుగా మా ఆయన, ఏమైందని కనుబొమలెగరేస్తున్నాడు.

స్పీకరు నొక్కి, ఫోను మా ఇద్దరి మధ్యా బల్ల మీద పెట్టాను.

"ఆయన మా గడప తొక్కడానికి వీల్లేదు. ఎందుకో ఇప్పుడు నాతో అన్నావే, అది ఇంకోసారి చెప్పమ్మా. మీ అల్లుడు వింటున్నాడు."