నాన్నమ్మ సగం మాత్ర

బీమా ఏజెంటు డ్వేన్ గారి ఫోన్ వచ్చేసరికి నా చేతులు రెండూ పిండిలో ఉన్నాయి. మోచేత్తో స్పీకరు నొక్కి బల్ల మీదికి వంగాను.

“దొరికిందమ్మా మార్లిస్! ఒక కంపెనీ సరేనంది. మీ నాన్నమ్మ యూమా వెళ్లొచ్చు.”

నేను పెట్టిన కేకకు పిల్లి బల్ల కిందికి దూరింది. ఎదురుగా కూర్చుని బంగాళాదుంప కూరిన పిరోగీల అంచులు నొక్కుతున్న నాన్నమ్మ మాత్రం తల ఎత్తలేదు.

నిజానికి ఆవిడ నా భర్త ఒరెస్ట్‌కి నాన్నమ్మ. పేరు ఓల్గా, ఎనభై మూడేళ్లు. ఆగస్టులో, ఇంకా కోతలు మొదలవకముందు, మా పెళ్లయింది. ఇప్పుడు అక్టోబరు ముగుస్తోంది. ఉత్తరాన ఉన్న మా ఊరు కనోరాలో మొదటి మంచు పడింది. తపాలా పెట్టె మీద మా ఇద్దరి పేర్లు పక్కపక్కన కనబడితే చాలు, నాకు ఇంకా నవ్వాగదు. ఉదయం ఒరెస్ట్ కారు మీది మంచు గీకుతూ కిటికీ వైపు చెయ్యూపినా అంతే.

నాన్నమ్మ చెల్లెలు స్టెఫ్కా అప్పటికే అరిజోనాలోని యూమా చేరింది. భర్తలు పోయాక అక్కచెల్లెళ్లిద్దరూ ప్రతి చలికాలం చక్రాల ఇళ్లుండే అక్కడి ట్రైలర్ పార్కులో పక్కపక్కనే ఉంటారు. ఈస్టరుకు ముందు కోడిగుడ్ల మీద మైనంతో గీతలు గీసి, రంగులు వేసి, ఆ తర్వాతే ఊరు చేరతారు. స్టెఫ్కా చూపు తగ్గిపోతోంది. వచ్చే చలికాలానికి ఎంత మిగులుతుందో చెప్పలేమన్నారు. అందుకే నాన్నమ్మ ఈ ఏడాది ఎలాగైనా వెళ్లాలి. కానీ దేశ సరిహద్దు దాటాక మా ప్రభుత్వ వైద్యం పేరుకే. బీమా లేకుండా అక్కడ ఆసుపత్రిలో చేరితే ఇంటిల్లిపాదీ మునుగుతుంది.

చిక్కంతా ఒక్క మాత్రతో వచ్చింది. ఆవిడ వయసువాళ్లకు బయలుదేరే ముందు ఆరు నెలల్లో మందు మారితే చాలా కంపెనీలు ఒప్పుకోవు. పెంచినా మార్పే, తగ్గించినా మార్పే. మా ఊరి నుంచి చలికాలం దక్షిణానికి వెళ్లే పెద్దవాళ్లందరికీ ఇది కంఠతా వచ్చు. వేసవి వచ్చిందంటే డాక్టరు కనబడితే రోడ్డు దాటి అవతలి వైపు నడుస్తారు. అలాంటిది నాన్నమ్మ రక్తపోటు మాత్ర మా పెళ్లయిన వారానికే సగమైంది. “నా ఒంట్లో అంత రక్తపోటు లేదన్నాడు డాక్టరు” అని ఆవిడ కాఫీ హోటల్లో అందరికీ గొప్పగా చెప్పుకుంది. పంటలకు వడగళ్ల బీమాతో పాటు ప్రయాణ బీమా కూడా చూసే డ్వేన్ గారు అన్ని కంపెనీల చుట్టూ తిరిగి, ఇవాళ్టికి ఒకరిని ఒప్పించారు.

“మీ రుణం ఎలా తీర్చుకోవాలో తెలియడం లేదు డ్వేన్ గారూ!” అని ఫోన్ పెట్టేశాను.

నాన్నమ్మ ఏప్రన్‌కు చేతులు తుడుచుకుంది. “ఆ మాత్ర సంగతి వాళ్లకేమని చెప్పావు పిల్లా?”

“మీరు చెప్పిందే. ఆరోగ్యం బాగుంది కాబట్టి సగం చేశారని.”

“అందులో సగమే నిజం.”

నేను పిండి ముద్ద పక్కకు జరిపి ఆవిడ ఎదుట కూర్చున్నాను.

“మీ పెళ్లిలో కొలొమీకా నాట్యం ఆడుతుంటే నాకు కళ్లు తిరిగాయి. ఫాదర్ మిరోన్ పట్టుకోకపోతే కింద పడేదాన్ని.”

నాకు గుర్తొచ్చింది. అందరూ వలయంగా నిలబడి ఒక్కొక్కరినీ నడిమికి తోస్తున్నారు. నాన్నమ్మ ఫాదర్ చేతుల్లో వెనక్కి వాలింది. అబ్బో, ఈ వయసులో ఏం వాలిందని హాలంతా ఈలలు వేశారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే.

“అయ్యో నాన్నమ్మా! చెప్పొచ్చుగా!”

“ఏమని చెప్పను? కొత్త పెళ్లికూతురా, కాస్త డాన్సు ఆపు, ముసలిదాన్ని ఆసుపత్రికి మొయ్యాలి అనా? ఆ వారంలోనే డాక్టరు దగ్గరికెళ్లా. మాత్ర ఎక్కువైందని సగం చేశాడు. మళ్లీ కళ్లు తిరగలేదు. ఊళ్లోవాళ్లకి మాత్రం వేరేలా చెప్పా.”

అప్పుడే వచ్చిన ఒరెస్ట్ బూట్ల మంచు దులుపుకుంటూ అంతా విన్నాడు.

“ఇప్పుడు మళ్లీ కదపడం ఎందుకు నాన్నమ్మా? సరేనన్నారుగా. ఎవరికి తెలుస్తుంది?”

“డాక్టరు రాసి పెట్టుకున్నాడురా మొద్దూ. రేపు నేను ఆసుపత్రిలో పడితే కంపెనీవాళ్లు ముందు చూసేది అదే. అప్పుడు ఖర్చంతా మీ ఇద్దరి నెత్తిన పడుతుంది. అయినా అందరూ కాదన్నాక ఒక్కడు సరేనన్నాడు. వాడికి అబద్ధం చెప్పి వెళ్లమంటావా?” ఆవిడ ఫోను నా వైపు తోసింది. “చెయ్యి పిల్లా. పోతే పోయింది.”

ఆవిడ మళ్లీ పిండి చేతిలోకి తీసుకుంది. నేను ఫోన్ చేశాను.

అంతా విన్నాక డ్వేన్ గారు గట్టిగా ఊపిరి వదిలారు. “ముందే చెప్పి బతికించారమ్మా. ఇప్పుడైతే ఇంకో నాలుగు ప్రశ్నలడుగుతారు. ఆసుపత్రిలో బయటపడితే అసలు పాలసీయే చెల్లదంటారు. మీ డాక్టరు చేత వాళ్లతో మాట్లాడిస్తాను. అంతవరకూ సంచులు మాత్రం సర్దకండి.”

ముగ్గురం మిగిలిన పిరోగీలు నొక్కుతూ కూర్చున్నాం. ఈలోగా స్టెఫ్కానే ఫోన్ చేసింది.

“ఏమే ఓల్గా, ఎప్పుడొస్తున్నావు? పార్కులో నారింజలు పండాయి. రంగు తెలుస్తోంది, అంచులే తెలియడం లేదు. తొననుకుని నిన్న తొక్క ముక్క తీసుకున్నాను.”

“నోట్లో పెట్టుకున్నావా ఏంటి?”

“పెట్టుకున్నా. నీ వంట కంటే నయమే.”

నాన్నమ్మ పడీ పడీ నవ్వింది. “వస్తానే, వస్తా. కాస్త ఓపిక పట్టు” అని ఫోన్ పెట్టేసి, మొహం కిటికీ వైపు తిప్పుకుంది. ఒరెస్ట్ వెళ్లి ఆవిడ భుజం మీద గడ్డం ఆనించాడు. ఇంత మంచివాడినా నేను పెళ్లాడింది అని నా గుండె ఉప్పొంగింది. అంత దిగుల్లోనూ!

చీకటి పడే వేళకు మళ్లీ ఫోన్ మోగింది. ఈసారి ముగ్గురం ఒకేసారి వంగాం, తలలు ఢీకొన్నాయి.

“కళ్లు తిరిగింది మాత్ర వల్లేనని మీ డాక్టరు చెప్పారు. కంపెనీవాళ్లు అది కూడా రాసుకుని సరేనన్నారు. ఇక దాపరికం లేదు కాబట్టి ధైర్యంగా వెళ్లొచ్చు. అయితే అంత దూరం తన చిన్న ట్రక్కు ఆవిడే నడపొద్దని డాక్టరు మాట.”

“నేనే నడుపుతా!” అంది నాన్నమ్మ.

“చూశారా, అందుకే డాక్టరు చెప్పమన్నారు” అన్నారు డ్వేన్ గారు. ఆయన నవ్వు వంటింటి నిండా వినిపించింది. నేను ఫోన్‌కే దండం పెట్టాను.

ఒరెస్ట్ నన్ను చూశాడు, నేను అతన్ని చూశాను. కోతలు అయిపోయాయి. నాకు లైబ్రరీలో సెలవులు మిగిలే ఉన్నాయి. ఎక్కడికైనా వెచ్చగా వెళ్దామని రోజూ అనుకుంటూనే ఉన్నాం.

“మేం దింపుతాం నాన్నమ్మా. మా హనీమూన్ కూడా అయిపోతుంది” అన్నాడు.

“హనీమూన్‌కి ముసలిదాన్ని వెంటేసుకెళ్లే వెర్రివాళ్లని ఎక్కడా చూళ్లేదు!”

“మమ్మల్ని చూడండి మరి” అన్నాను నేను.

ఆవిడ నన్ను దగ్గరికి లాక్కుని నుదుటి మీద ముద్దు పెట్టింది. నా జుట్టు నిండా పిండి అంటింది. ఈ ఇంటి కోడలినైనందుకు నాలో నేనే దేవుడికి దండం పెట్టుకున్నాను.

వెంటనే నాన్నమ్మ నడుము మీద చేతులు పెట్టుకుని హుకుం జారీ చేసింది. “రేపు పొద్దున్నే డ్వేన్ దగ్గర కాగితాలు తీసుకుని, అటునుంచి అటే బయల్దేరదాం. ముందు సీట్లో నేను కూర్చుంటా. మీరిద్దరూ వంతులేసుకుని నడపండి. సరిహద్దు దాటాకే స్టెఫ్కాకి చెబుదాం, ముందే ఊరించొద్దు.”