అక్క ఒంట్లో చెల్లెలి రక్తం

గాజు పలక మీద రక్తపు చుక్కను పలచగా పరిచి, మైక్రోస్కోపులో కణాలు లెక్కపెట్టడం చెల్లెలి ఉద్యోగం. అక్కకు రక్త క్యాన్సరని ఆమెకు ఎవరూ చెప్పలేదు. అక్క పేరుతో తన బల్ల మీదకు వచ్చిన పలకే చెప్పింది. ఇద్దరికీ ఎనిమిదేళ్లుగా మాటల్లేవు. చెల్లెలు తనకు నచ్చినవాణ్ని చేసుకుందని, అమ్మ పోయినప్పుడు కూడా అక్క కబురు పెట్టలేదు.

అక్కకు ఎక్కించడానికి ఇంట్లోవాళ్లందరికీ పరీక్షలు చేస్తే, సరిపోయినవి చెల్లెలి మూలకణాలే.

డాక్టరు విడమరిచి చెప్పాడు. "మందులతో ఆమె ఎముకల్లోని మజ్జను ఖాళీ చేస్తాం. మీ మూలకణాలు ఎక్కిస్తే అవి ఎముకల్లో చేరి ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు అన్నీ తయారు చేస్తాయి. చిక్కంతా తెల్లకణాలతోనే. ఆ ఒంటిని పరాయిదనుకుంటే దాని మీదే పడతాయి."

అక్క నోరు తెరిచి అడుగుతుందేమోనని చెల్లెలు నాలుగు రోజులు చూసింది. అడగలేదు. ఐదో రోజు చెల్లెలే ఇస్తానని సంతకం పెట్టేసింది.

ఎక్కించిన పదహారో రోజున అక్క రక్తంలో కొత్త తెల్లకణాలు కనబడ్డాయి. చెల్లెలికి కళ్లు చెమర్చి పలక మసకబారింది. ఒక్క పరుగున వార్డుకు వెళ్లింది.

"నావి మొలిచాయక్కా!"

"సరే, ఇచ్చావు. దండం పెట్టమంటావా ఏంటి?"

ఆ పాత పెడసరం వినగానే చెల్లెలికి నవ్వొచ్చింది. తర్వాత ప్లేట్‌లెట్లు పెరిగాయి, ఎర్రకణాలు పెరిగాయి.

రెండో నెలలో అక్క చర్మం కంది, పొరలుగా ఊడసాగింది. కళ్లు పసుపెక్కాయి. ఏం తాగినా కడుపులో నిలవలేదు. డాక్టరు భయపడినట్టే చెల్లెలి తెల్లకణాలు అక్క ఒంటి మీద పడ్డాయి. మందులు మార్చి మార్చి చూశాడు.

"అమ్మ సంగతి మనసులో పెట్టుకునే ఇచ్చావు కదే?" అంది అక్క ఒకరోజు.

"ఒట్టు, లేదక్కా."

"నువ్వు పెట్టుకోలేదేమో. నీ రక్తం పెట్టుకుంది."

చెల్లెలు తడిగుడ్డతో ఆమె పెదవులు తుడిచింది. అక్క మొహం తిప్పుకుంది.

మూడో నెలలో ఒక ఉదయం తీసిన రక్తం ల్యాబుకు వచ్చింది. చెల్లెలు మూడు రకాల కణాలూ లెక్కపెట్టి రిపోర్టు రాసింది. పైకి తీసుకెళ్లేసరికి అక్క లేదు. వార్డు బయట బావ ఆ కాగితం అందుకుని చదివాడు.

"అన్నీ మామూలుగానే ఉన్నాయని రాశావేంటి?"

"ఉన్నాయి బావా."

"మరి ఎందుకు పోయింది?"

డాక్టరు ఇద్దరికీ చెప్పిన సంగతే. చెల్లెలు ఆయన చేతిలోని కాగితం మీద తెల్లకణాల అంకె దగ్గర వేలు పెట్టింది. బావ కాగితాన్ని జేబులో కుక్కుకుని ఆమె వైపు చూడకుండా మెట్లు దిగాడు. ఆయన చెప్పుల చప్పుడు ఆగేదాకా ఆమె అక్కడే నిలబడింది.